చేతకాని మేనేజర్ కింద పడ్డారా? ఉండాలా, చెప్పాలా, టీమ్ మారాలా, కంపెనీయే మారాలా

మేనేజర్‌కి పని రాదని తెలిసిపోయాక మన ముందు ఉండే దారులు నాలుగే. అక్కడే ఉండి ఆయన్ని మనమే నడిపించుకోవడం, పైవాళ్లకి చెప్పడం, అదే కంపెనీలో ఇంకో ప్రాజెక్ట్‌కి వెళ్లిపోవడం, పేపర్ పెట్టేసి బయటికెళ్లిపోవడం. హైటెక్ సిటీలో ఏ టీ బండి దగ్గర నిలబడినా అందరూ నాలుగోదాని గురించే మాట్లాడతారు, ఎందుకంటే కోపంలో ఉన్నప్పుడు అదే తోస్తుంది. నా అభిప్రాయం మాత్రం వేరు. ఎక్కువమంది ముందు చూడాల్సింది మూడోది, అది కుదరకపోతే నాలుగోది, ఆ రెండూ కుదిరేదాకా మొదటిది నడుస్తూ ఉండాలి, రెండోది మాత్రం చాలా తక్కువ సందర్భాల్లోనే పనికొస్తుంది. ఐటీ ఉద్యోగాల్ని, అందులోనూ సర్వీస్ కంపెనీల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఎందుకంటే మన ఊళ్లలో ఇంటికొకరు అక్కడే ఉన్నారు.

ముందు ఇది తేల్చుకోండి

చేతకాని మేనేజర్ వేరు, చెడ్డ మేనేజర్ వేరు. అందరి ముందు అవమానించేవాడు, లీవ్ అడిగితే బెదిరించేవాడు, అమ్మాయిలతో తేడాగా ప్రవర్తించేవాడు, వీళ్ల విషయంలో ఈ పోలికలేవీ వద్దు, అది నేరుగా ఫిర్యాదు చెయ్యాల్సిన సంగతి. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు పెంచొచ్చు. దాన్ని "మేనేజర్‌తో పడట్లేదు" అనే ఖాతాలో వేసుకుని మీలో మీరే కుమిలిపోవద్దు దయచేసి.

నేను చెప్పేది మనిషి మంచివాడే కానీ ఆ పని చేతకాని మేనేజర్ గురించి. అందులోనూ రకాలున్నాయి, ఏ రకమో తెలీకుండా ఏ దారి మంచిదో చెప్పలేం.

కోడ్ గురించి ఏమీ తెలీదు, కానీ మన పనికి అడ్డు రాడు, ఇలాంటివాళ్లు ఉంటారు. నన్నడిగితే అది అసలు సమస్యే కాదు. గూగుల్ వాళ్లు 2002లో ఇంజినీరింగ్ మేనేజర్లే లేకుండా కొన్ని నెలలు నడిపి చూసి, చిన్న చిన్న గొడవలు కూడా నేరుగా పైవాళ్ల దగ్గరికే వెళ్తుంటే మళ్లీ మేనేజర్లని పెట్టుకున్నారు. తర్వాత 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని మొదలుపెట్టి మంచి మేనేజర్‌కి ఏం ఉండాలో లెక్కలు తీస్తే 8 లక్షణాలు తేలాయి, వాటిలో టెక్నికల్ స్కిల్ చిట్టచివర నిలిచింది. ఇంజినీర్లతో నిండిపోయిన కంపెనీలోనే లెక్క అలా తేలింది. అందుకే "మా వాడికి జావా రాదు" అని ఎవరైనా బాధపడితే, సరే, మరి మిగతావి వచ్చా అని అడుగుతా నేను.

నిర్ణయం తీసుకోలేనివాడు రెండో రకం. ఏది అడిగినా "చూద్దాం, రేపు కాల్‌లో డిస్కస్ చేద్దాం" అంటాడు, రేపటి కాల్‌లో ఇంకో కాల్ పెడతాడు, స్ప్రింట్ (పనికి పెట్టుకున్న కొద్ది వారాల విడత) అయిపోయేటప్పటికి మాత్రం ఎందుకు అవ్వలేదని మనల్నే అడుగుతాడు.

మూడో రకం క్లయింట్‌కి కాదు అని చెప్పలేనివాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కాల్, అవతల క్లయింట్ ఇంకా కాఫీ తాగుతూ ఒక కొత్త రిపోర్ట్ అడుగుతాడు, అది కనీసం రెండు వారాల పని, మీరు మ్యూట్ తీసి ఏదో చెప్పబోయేలోపే మీ మేనేజర్ "ష్యూర్, సోమవారానికి ఇచ్చేస్తాం" అనేస్తాడు. కాల్ అయిపోయాక గ్రూప్‌లో మెసేజ్, "టీమ్, వీకెండ్ కొంచెం స్ట్రెచ్ అవ్వాల్సి వస్తుంది" అని. విజయవాడ బస్ టికెట్ క్యాన్సిల్ చేసుకున్నవాళ్లకి ఈ సీన్ ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు.

నాలుగో రకం, అన్నిటికన్నా ప్రమాదం ఇదే, మన పని గురించి పైన చెప్పలేనివాడు. ఆయన మన మీద అరవడు, నవ్వుతూనే ఉంటాడు, అందుకే చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అప్రైజల్ టైమ్‌లో మేనేజర్లంతా కూర్చుని ఎవరికి ఏ రేటింగ్ అని మాట్లాడుకునే మీటింగ్ ఒకటి ఉంటుంది, బెల్ కర్వ్ ఉన్న చోట్ల పై రేటింగ్‌లు ఇంతమందికే అని ముందే లెక్క ఉంటుంది కాబట్టి అక్కడ ఎవరో ఒకరు తగ్గాలి. పక్క మేనేజర్ తన వాళ్ల గురించి గట్టిగా మాట్లాడితే, మనవాడు నోరు విప్పకపోతే, తగ్గేది మనమే, అంతే. ఏడాదంతా రాత్రిళ్లు ప్రొడక్షన్ ఇష్యూలు చూసింది ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ఆయన ఎంత చికాకు పెడుతున్నాడు అని కాకుండా, ఈ ఏడాది నేను కొత్తగా ఏమైనా నేర్చుకున్నానా, నా పని ఆయన పైవాడికి తెలుసా, ఈ రెండూ అడగండి. రెండిటికీ అవును అంటే చికాకు ఉన్నా ఉండొచ్చు. రెండిటికీ కాదు అంటే మేనేజర్ ఎంత మంచివాడైనా, మీ పెళ్లికొచ్చి ఫొటో దిగినా సరే, అక్కడ ఉండకూడదు. ఒకటి అవును ఒకటి కాదు అయితేనే కింద చెప్పే పోలికలు అవసరమవుతాయి.

వీళ్లు అసలు మేనేజర్లు ఎలా అయ్యారు అని కోపం వస్తుంది కదా, దానికీ కారణముంది. మన దగ్గర ఒక బ్యాండ్ దాటాక జీతం పెరగాలంటే మనుషుల్ని చూసుకునే పాత్రలోకి వెళ్లడం తప్ప వేరే మెట్టు లేని కంపెనీలే ఎక్కువ. బాగా కోడ్ రాసేవాడిని తీసుకెళ్లి పదిమందిని చూసుకో అంటారు, ట్రైనింగ్ అంటే రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు. 2019లో ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికా కంపెనీల సేల్స్ ఉద్యోగుల మీద పెద్ద స్టడీ ఒకటి వేశారు, అందులో తేలింది కూడా ఇదే, బాగా అమ్మినవాళ్లకే ప్రమోషన్ వచ్చింది, కానీ వాళ్లు మేనేజర్లు అయ్యాక వాళ్ల కింద టీమ్‌ల అమ్మకాలు పడిపోయాయి. ఈ సంగతి తెలిస్తే ఆయన మీద పగ కొంచెం తగ్గుతుంది, పగ తగ్గితే నిర్ణయం సరిగ్గా తీసుకుంటాం.

ఉండి నడిపించుకోవడం

ఇది నిర్ణయం తీసుకోలేనివాడి దగ్గర, కాదనలేనివాడి దగ్గర బాగా పనిచేస్తుంది, నాలుగో రకం దగ్గర సగమే పనిచేస్తుంది. ఇందులో అసలు కిటుకు రాసిపెట్టడం. ప్రతి కాల్ తర్వాత ఒక చిన్న మెయిల్, అది కూడా ఆయన్ని ఇరికించేలా కాకుండా ఆయనకి పని తగ్గించేలా ఉండాలి. ఎలా అంటే, "ఇవాళ్టి కాల్‌లో అనుకున్నట్టు పేమెంట్ మాడ్యూల్ ముందు చేస్తున్నాం, రిపోర్ట్స్ పని వచ్చే స్ప్రింట్‌కి వెళ్తుంది, మార్పు ఏమైనా ఉంటే రేపు 11 లోపు చెప్పండి, లేకపోతే ఇలాగే మొదలుపెడతాం." గమనించారా, ఇందులో ఆయన్ని నిర్ణయం అడగలేదు, నిర్ణయం మనమే తీసుకుని అభ్యంతరం ఉంటే చెప్పమన్నాం. తేల్చుకోలేని మనిషికి మౌనంగా ఉండటం తేలిక, ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా మార్చడం మన పని. రేపు గొడవైతే తేదీతో సహా మెయిల్ ఉంటుంది.

కాదనలేనివాడి దగ్గర ఇంకోలా వెళ్లాలి. "అవ్వదు" అంటే ఆయన కంగారు పడతాడు, క్లయింట్ ముందు పరువు పోతుందనుకుంటాడు. "సోమవారానికి కావాలంటే ఫిల్టర్లు లేకుండా బేసిక్ రిపోర్ట్ ఇవ్వొచ్చు, మొత్తం కావాలంటే రెండు వారాలు, క్లయింట్‌కి ఏది చెబుదాం" అని రెండు ముక్కలు చేతిలో పెడితే క్లయింట్‌తో చెప్పడానికి ఆయనకీ ఓ మాట దొరుకుతుంది. కాల్‌కి ముందే పది నిమిషాలు ఆయనతో కూర్చుని ఏమేం అడుగుతారో అనుకుని వెళ్తే ఇంకా మంచిది.

ఈ దారిలో లాభం ఏంటంటే జీతం, గ్రాట్యుటీ, ఇంటికి దగ్గర ఆఫీసు, ఏదీ కదలదు, పైగా మేనేజర్ పని మీరు ముందే నేర్చేసుకుంటారు. నష్టం ఏంటంటే రెండు ఉద్యోగాలు చేస్తూ ఒక జీతం తీసుకుంటారు, ఆ కష్టం పేరు మాత్రం ఆయనకే వెళ్తుంది. అందుకే దీనికి గడువు పెట్టుకోండి, ఒక అప్రైజల్ సైకిల్, అంతకుమించి వద్దు. హైక్ లెటర్ వచ్చాక చూస్తే మీ పని పైకి చేరిందో లేదో తేలిపోతుంది. గడువు లేకుండా సర్దుకుపోయినవాళ్లు ఆరేళ్లు గడిచాక ఇంటర్వ్యూలో చెప్పడానికి ఒక్క కొత్త పనీ లేక ఇబ్బంది పడటం చూస్తుంటే చాలా బాధేస్తుంది.

పైవాళ్లకి చెప్పడం

హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి మా మేనేజర్‌కి పని రాదు అని చెప్తే ఏమవుతుందో నిజాయితీగా చెప్తున్నా, చాలా చోట్ల ఏమీ అవ్వదు. వాళ్లు చూసేది పాలసీ తప్పిందా, చట్టం తప్పిందా అని. చేతకానితనం ఏ పాలసీలోనూ ఉల్లంఘన కాదు. పైగా కాన్ఫిడెన్షియల్ అన్న మాట కూడా ఏడుగురున్న టీమ్‌లో ఎంతసేపు నిలుస్తుంది, ఎవరు చెప్పారో ఆయనకి ఊహకందుతుంది.

ఆయన పై మేనేజర్‌తో మాట్లాడే స్కిప్ లెవెల్ మీటింగ్ దానికన్నా నయం, అయితే అక్కడ మనిషి గురించి మాట్లాడకండి, పని గురించి మాట్లాడండి. "ఆయనకి డెసిషన్ తీసుకోవడం రాదు" అంటే ఫిర్యాదు అవుతుంది, "గత రెండు రిలీజ్‌లు డిజైన్ అప్రూవల్ కోసం ఆగాయి, తేదీలు ఇవీ, మా లెవెల్‌లోనే అప్రూవ్ చేసుకునే వీలుంటే బాగుంటుంది" అంటే సలహా అవుతుంది, రెండోది వింటారు. ఒక్కరే వెళ్లడం కన్నా టీమ్‌లో ఇంకో ఇద్దరు ముగ్గురు ఎవరికి వాళ్లు ఇదే మాట చెప్తే బలం ఎక్కువ. అలాగే, మీ మేనేజర్‌ని ఆ పదవిలో పెట్టింది ఎవరో కనుక్కోండి, పెట్టింది ఆ పై మేనేజరే అయితే తన ఎంపిక తప్పని ఒప్పుకోవడానికి ఆయన ఇష్టపడడు. అందుకే నా వరుసలో దీన్ని చివర్లో పెట్టా. మిగతా మూడు దారుల్లో ఒకటి చేతిలో పెట్టుకుని అప్పుడు చెప్పండి, అంతేగానీ ఇదొక్కటే నమ్ముకుని వెళ్లకండి.

అదే కంపెనీలో ఇంకో టీమ్

దీన్ని మనవాళ్లు ఎందుకో తక్కువగా చూస్తారు, హైక్ రాదు కదా అని. నిజమే, ఐజేపీలో (కంపెనీ లోపలి ఖాళీలకి ఉద్యోగులే అప్లై చేసుకునే పద్ధతి) వెళ్తే జీతం పెద్దగా మారదు. కానీ మన సమస్య జీతం కాదు కదా, మేనేజర్ కదా. కంపెనీ మారితే కొత్త మేనేజర్ ఎలాంటివాడో ఇంటర్వ్యూలో చూసిన గంట తప్ప ఏమీ తెలీదు, పెనం మీంచి పొయ్యిలో పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అదే కంపెనీలో అయితే కొత్త మేనేజర్ కింద పనిచేస్తున్నవాళ్లని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అడగొచ్చు, గతేడాది ఆయన టీమ్‌లో ఎంతమంది పేపర్ పెట్టారో తెలుసుకోవచ్చు, ఇంత సమాచారం బయట ఎక్కడా దొరకదు.

అడ్డంకి ఒకటే, రిలీజ్, అంటే ఇప్పుడున్న ప్రాజెక్ట్ మిమ్మల్ని వదలడం. చాలా కంపెనీల్లో ఒక ప్రాజెక్ట్‌లో ఇన్ని నెలలు ఉండాలని రూల్ ఉంటుంది, 12 అనో 18 అనో, మీ పోర్టల్‌లో చూసుకోండి. అది దాటాక కూడా మేనేజర్ వదలడు, ఎందుకంటే ఆయన బండి నడిచేదే మీ వల్ల. అప్పుడు ఆయన మీద కోపం చూపిస్తే రిలీజ్ ఇంకా ఆలస్యం. మీ తర్వాత ఎవరు చూస్తారో మీరే తయారుచేసి, డాక్యుమెంట్ రాసి, "ఫలానా తేదీకి కేటీ అయిపోతుంది, ఆ తర్వాత నన్ను వదలండి" అని మెయిల్ పెట్టి (కేటీ అంటే మన పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం), ఎవరు ఏ ప్రాజెక్ట్‌కి వెళ్లాలో చూసే ఆర్ఎంజీ వాళ్లని కాపీలో పెట్టండి. వెళ్లే కారణం అడిగితే కొత్త టెక్నాలజీ అని చెప్పండి, అది ఎవరినీ నొప్పించదు. ఇంకో జాగ్రత్త, అప్రైజల్‌కి నెలా రెండు నెలల ముందు మారొద్దు, పాతాయన మన గురించి మాట్లాడడు, కొత్తాయనకి మన పని తెలీదు, మధ్యలో రేటింగ్ గాల్లో కలిసిపోతుంది. రేటింగ్ వచ్చిన మర్నాడు అడగడం మేలు.

కంపెనీ మారడం

జీతం ఒక్కసారిగా పెరగాలంటే ఇదే దారి, అందులో వాదన లేదు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ చూసి గెంతేముందు పాత కంపెనీలో ఏం వదులుకుంటున్నారో కూడా పక్కన రాసుకోండి.

గ్రాట్యుటీ సంగతి చాలామంది మర్చిపోతారు. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే వస్తుంది, చివరి బేసిక్, డీఏ కలిపి (కొత్త లేబర్ కోడ్స్ ప్రకారం ఇది మొత్తం జీతంలో సగం కన్నా తక్కువైతే కనీసం సగం) దాన్ని 15తో గుణించి 26తో భాగించి, ఎన్నేళ్లు చేశారో అన్నేళ్లతో గుణిస్తే వచ్చే మొత్తం. ఆ లెక్కకొచ్చే వేతనం 40,000 ఉండి ఐదేళ్లు చేసినవాళ్లకి దాదాపు 1,15,000 వస్తుంది. నాలుగేళ్ల ఎనిమిది నెలల దగ్గర మేనేజర్ మీద కోపంతో పేపర్ పెట్టారనుకోండి, ఈ డబ్బు కోసం వాదించుకోవాల్సి వస్తుంది. కానీ 90 రోజుల నోటీస్ కూడా సర్వీస్ కిందే లెక్క కాబట్టి, పేపర్ పెట్టే తేదీ కాకుండా లాస్ట్ వర్కింగ్ డే ఐదేళ్లు దాటేలా చూసుకుంటే చాలు. కాంట్రాక్ట్ మీద నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకైతే 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్స్‌లో ఏడాది చేసినా గ్రాట్యుటీ ఉంది.

పీఎఫ్ డ్రా చేసెయ్యకండి, అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) మీద కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఐదేళ్ల సర్వీస్ నిండకుండా తీస్తే ట్యాక్స్ పడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత కంపెనీలో చేసిన ఏళ్లు కూడా ఆ ఐదేళ్లలో కలుస్తాయి. జాయినింగ్ బోనస్ తీసుకుని ఏడాదో రెండేళ్లో నిండకపోతే వెనక్కి కట్టమంటారు, వేరియబుల్ పే పడే తేదీకి రోల్స్‌లో లేకపోతే ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి, ఈ రెండూ మీ పాత ఆఫర్ లెటర్ తీసి చదివితేనే తెలుస్తాయి.

ఇక నోటీస్ పీరియడ్. చేతకాని మేనేజర్ కింద ఇది మామూలు కన్నా కష్టం, మీ బదులు మనిషిని వెతకడం కూడా ఆయనకి చేతకాదు కాబట్టి చివరి వారం దాకా కేటీ మొదలవదు, తర్వాత కేటీ అవ్వలేదని లాస్ట్ వర్కింగ్ డే జరపమంటాడు. పేపర్ పెట్టిన మొదటి వారంలోనే కేటీ ప్లాన్ మీరే పంపండి, ప్రతి సెషన్ రికార్డ్ చేసి లింక్ మెయిల్‌లో పెట్టండి, హెచ్ఆర్‌ని కాపీలో ఉంచండి. రిలీవింగ్ లెటర్ లేకుండా కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తలనొప్పి తప్పదు. బైఅవుట్ (మిగిలిన నోటీస్ రోజులకి మీరు పాత కంపెనీకి కట్టే డబ్బు కొత్త కంపెనీ ఇవ్వడం) ఉంటుందని కొత్త కంపెనీ నోటిమాటగా చెప్తే నమ్మకండి, రాసి ఇమ్మనండి, అది తిరిగివ్వడానికి ఎంత కాలం పడుతుందో కూడా అడగండి.

ఆఫర్ చేతిలో లేకుండా పేపర్ పెట్టడం గురించి ఒక్క మాటే. నిద్ర పట్టట్లేదు, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ అంటున్నారంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, లీవ్ పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే మానెయ్యండి, ఆరోగ్యం కన్నా ఏ హైకూ ఎక్కువ కాదు. అలాంటిదేమీ లేకుండా, ఇంటి ఈఎంఐ నడుస్తూ, ఉత్త కోపంతో అయితే వద్దే వద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి లెక్క మొత్తం మారిపోతుంది. ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులే గ్రేస్, అది కూడా ఐ94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముందే అయిపోతే అంతవరకే, అందుకని ఆఫర్ లేకుండా మానెయ్యడం అనే దారి మీకు దాదాపు లేనట్టే. కొత్త కంపెనీ ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ఫైల్ చేశాక చేరొచ్చు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదని చట్టం చెప్తుంది కానీ రిస్క్ వద్దనుకునేవాళ్లు అదనపు ఫీజుతో త్వరగా తేలే ప్రీమియం ప్రాసెసింగ్ పెట్టించి అప్రూవల్ చూసే కదులుతారు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంటే ఐ140 (మీ గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎక్కడుందో చూడండి. అది అప్రూవ్ అయ్యాక పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా మామూలుగా ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డ్ క్యూలో మీ చోటు చెప్పే తేదీ) మీతోనే ఉంటుంది, అప్రూవ్ అయి 180 రోజులు దాటితే హెచ్‌1బి ఆరేళ్లు అయిపోయాక ఎక్స్‌టెన్షన్‌కి కూడా అదే ఆధారం. అందుకని ఐ140కి ముందు మెట్టైన పర్మ్ నడుస్తున్నప్పటి నుంచి ఆ 180 రోజులు దాటేదాకా మేనేజర్ ఎంత పనికిమాలినవాడైనా సరే పళ్లబిగువున ఓర్చుకోమనే చెప్తా. అక్కడే ఇంకో టీమ్‌కి వెళ్దామన్నా పని స్వభావం, ఊరు మారితే లాయర్‌ని అడగకుండా కదలకండి.

ఎవరికి ఏది

ఫ్రెషర్లకి, రెండేళ్ల లోపువాళ్లకి నేను ఇచ్చే సలహా కొంచెం కఠినంగా ఉంటుంది, మొదటి మేనేజర్ నేర్పించలేనివాడైతే పక్క టీమ్‌లో సీనియర్ ఎవరినైనా పట్టుకుని నేర్చుకుంటూ, కుదిరిన మొదటి రోజే ప్రాజెక్ట్ మారండి, ఎందుకంటే ఈ రెండేళ్లలో వచ్చిన అలవాట్లే తర్వాత ఉంటాయి. ఐదారేళ్లు దాటినవాళ్లకి నేర్చుకోవడం కన్నా పైవాళ్లకి కనిపించడం ముఖ్యం, కాబట్టి ఒక సైకిల్ నడిపించి చూసి, రేటింగ్ దెబ్బతింటే బయట చూడండి. పిల్లలు చిన్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకి బాగోలేదు, ఇప్పుడు కొత్త చోట నిరూపించుకునే ఓపిక లేదు అనేవాళ్లు ఉంటే, వీళ్లకి అడ్డురాని చేతకాని మేనేజర్ ఒక్కోసారి బాగా పనికొస్తాడు కూడా, సాయంత్రం ఐదింటికి వెళ్లిపోయినా ఏమీ అనడు, అలాంటప్పుడు ఏడాదో రెండేళ్లో ఉండటం తప్పేమీ కాదు.

కంపెనీ మారేవాళ్లు ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడగాలా" అన్నప్పుడు ఊరుకోకండి. హెచ్ఆర్ రౌండ్‌లో కాకుండా, మీకు మేనేజర్ అవ్వబోయే మనిషినే అడగండి, ఈ పోస్ట్ ఎందుకు ఖాళీ అయింది, ముందున్న మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు, క్లయింట్ తేదీ ముందుకి జరిపితే మీరేం చేశారు, పోయినసారి మీ టీమ్‌లో ప్రమోషన్ ఎవరికొచ్చింది, దేనికొచ్చింది అని. తన టీమ్‌లో ఫలానా మనిషి ఫలానా పని చేశాడని టకటకా చెప్పేవాడైతే ఆయన దగ్గర మీ పని కూడా పైకి వెళ్తుంది. "మాది ఫ్యామిలీ లాంటి టీమ్ అండి" అని ఊరుకుంటే మాత్రం, ఆ టీమ్‌లో పనిచేసినవాళ్లని లింక్డ్ఇన్‌లో వెతికి పట్టుకుని ఇద్దరితో మాట్లాడాకే ఆఫర్ యాక్సెప్ట్ చెయ్యండి.